ఇంటర్ తప్పితే నీట్ దారి మూసుకుపోయినట్టు కాదు: ఈ సంగతి చెప్పాల్సింది ఎవరు?

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్ ఫలితాలు ఏప్రిల్‌లో వస్తాయి. వైద్య విద్యలో ప్రవేశానికి రాసే నీట్ మే మొదటి ఆదివారం జరుగుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న రెండు మూడు వారాల్లోనే, బైపీసీ చదివి ఒకటి రెండు సబ్జెక్టులు తప్పిన పిల్లల భవిష్యత్తు గురించి ఇంట్లో తీర్పు జరిగిపోతుంది. "ఇంటరే గట్టెక్కలేదు, ఇంక నీట్ ఏం రాస్తావు?" అన్న మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. ఆ మాట అనేవారికి పిల్లల మీద ప్రేమ లేక కాదు. ఇంటర్ పాసైన తర్వాతే నీట్ రాయాలని వారు నిజంగానే నమ్ముతారు. ఆ నమ్మకం తప్పని, ఆ తప్పు వల్ల ఒక విద్యా సంవత్సరం పోతుందని చెప్పే బాధ్యతను మాత్రం ఏ వ్యవస్థా తన మీద వేసుకోవడం లేదు.

2025 సంవత్సరాన్నే తీసుకుందాం. నీట్ దరఖాస్తులు ఫిబ్రవరి 7న మొదలై మార్చి 7న ముగిశాయి. అప్పటికి ఇంటర్ పరీక్షలే పూర్తి కాలేదు కాబట్టి, ఆ ఏడాది రెండో సంవత్సరం రాస్తున్న ప్రతి విద్యార్థీ 'ఫలితం రావాల్సిన అభ్యర్థి'గానే దరఖాస్తు చేశాడు. ఆంధ్రప్రదేశ్ ఫలితాలు ఏప్రిల్ 12న, తెలంగాణ ఫలితాలు ఏప్రిల్ 22న వచ్చాయి. నీట్ మే 4న జరిగింది. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు ఆంధ్రలో మే 12న, తెలంగాణలో మే 22న మొదలయ్యాయి. వాటి ఫలితాలు రెండు చోట్లా జూన్‌లోనే వచ్చేశాయి. నీట్ ఫలితాలు జూన్ 14న వెలువడితే, అఖిల భారత కోటా కౌన్సెలింగ్ జులై మూడో వారం దాటాక గానీ మొదలుకాలేదు. అంటే ఏప్రిల్‌లో తప్పిన విద్యార్థి మేలో నీట్ రాసి, అదే నెలలో సప్లిమెంటరీ రాసి, జూన్‌లో పాస్ మెమో అందుకుని, జులైలో తోటివారితో సమానంగా కౌన్సెలింగ్‌కు వెళ్లడానికి ఏ అడ్డూ లేదు. అర్హతను నిరూపించుకోవాల్సింది కౌన్సెలింగ్ నాటికే కానీ నీట్ రాసే రోజుకు కాదు. ఫెయిలైన మెమో వచ్చినంత మాత్రాన హాల్ టికెట్ రద్దు కాదు.

అసలు ఈ పరిస్థితి ఇంతమందికి ఎందుకు వస్తోందో తెలియాలంటే కొంత వెనక్కి వెళ్లాలి. 2016 వరకు మన దగ్గర వైద్య సీట్లు ఎంసెట్ ర్యాంకుతోనే నిండేవి. ఆ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. ఒక్క మార్కు తగ్గినా ర్యాంకు కిందికి జారేది కాబట్టి, మొదటి సంవత్సరంలో మంచి మార్కులు వచ్చినవారు కూడా ఇంప్రూవ్‌మెంట్ రాసేవారు. 2017 నుంచి రాష్ట్ర సీట్లకూ నీటే ఆధారమైంది. నీట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు ఏ విలువా లేదు. దాంతో కళాశాలలు ఇంటర్ పాఠాలను పక్కకు నెట్టి, రెండేళ్లూ పిల్లల చేత బిట్లు చేయించడం మీదే పడ్డాయి. వెయిటేజీ పోయింది కానీ అర్హత గడప పోలేదు. భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలతో పాటు ఇంగ్లిష్ కూడా పాసై ఉండాలన్న షరతు అలాగే ఉంది. నీట్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నా, ఇంగ్లిష్ పేపరు తప్పితే ఎంబీబీఎస్ సీటు చేతికి రాదు.

ఒకే పాఠాన్ని రెండు పరీక్షలు ఎంత వేరుగా అడుగుతాయో చూస్తే పిల్లలు ఎక్కడ దెబ్బ తింటున్నారో అర్థమవుతుంది. జువాలజీలో మానవ హృదయ నిర్మాణం అనే అంశం ఉంది. ఇంటర్ పేపరులో అది ఎనిమిది మార్కుల దీర్ఘ సమాధాన ప్రశ్న: పటం గీయాలి, భాగాలు గుర్తించాలి, కర్ణికలు, జఠరికలు, కవాటాల గురించి వరుసగా రెండు మూడు పేజీలు రాయాలి. నీట్‌లో అదే పాఠం నుంచి ఈసీజీలోని ఏ తరంగం దేన్ని సూచిస్తుందని అడిగి, నాలుగు ఐచ్ఛికాలు ఇచ్చి, ఒక నిమిషంలో తేల్చమంటారు. రెండేళ్లపాటు రెండో పద్ధతికే అలవాటు పడిన విద్యార్థికి హృదయం గురించి అంతా తెలిసినా, తెల్ల కాగితం మీద మొదటి వాక్యం ఎలా మొదలుపెట్టాలో తోచదు. భౌతిక శాస్త్రంలో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. సూత్రం నోటికి వచ్చినవారు కూడా దాన్ని మెట్టు మెట్టుగా రాబట్టి రాయమంటే చేతులెత్తేస్తారు. ఇలా తప్పిన పిల్లవాడిని తెలివి లేనివాడనడం అన్యాయం. రాత పరీక్షకు అతన్ని తయారు చేయకుండానే హాలులోకి పంపాం.

సప్లిమెంటరీలో పాస్ కావడం ఒక సంగతి, మొత్తం శాతం చేరుకోవడం మరో సంగతి. అప్పటి భారత వైద్య మండలి 1997 నిబంధనలు మూడు సైన్సుల్లో కలిపి జనరల్ అభ్యర్థులకు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 40 శాతం గీత పెట్టాయి. తర్వాత నిబంధనలు మారాయి కాబట్టి ఏ ఏడాదికి ఆ ఏడాది ఆరోగ్య విశ్వవిద్యాలయం ఇచ్చే ప్రాస్పెక్టస్‌లోని అర్హత పేరాను విద్యార్థి స్వయంగా చదువుకోవాలి. వరంగల్‌లోని కాళోజీ విశ్వవిద్యాలయానికైనా, విజయవాడలోని ఎన్టీఆర్ విశ్వవిద్యాలయానికైనా ఇదే మాట వర్తిస్తుంది. అయితే ఈ శాతం గురించి ఉన్న భయం ఎంతవరకు నిజమో లెక్క వేసి చూడాలి. 2025 నాటి మార్కుల పద్ధతిలో బోటనీ, జువాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ నాలుగింటికీ మొదటి ఏడాది 60 చొప్పున 240, రెండో ఏడాది మళ్లీ 240, ప్రాక్టికల్స్‌కు 30 చొప్పున 120, మొత్తం 600. అందులో సగం 300. ప్రాక్టికల్స్‌లో 110 వచ్చాయనుకుంటే, 480 మార్కుల థియరీలో 190 తెచ్చుకుంటే సరిపోతుంది. ఒక సబ్జెక్టు తప్పినా మిగతావాటిలో ఓ మోస్తరుగా రాసిన విద్యార్థికి ఇది అందనంత ఎత్తు కాదు. ప్రాక్టికల్స్‌కు ఎగ్గొట్టినవారికి మాత్రం ఇదే లెక్క ఎదురు తిరుగుతుంది.

సమయం విషయంలో కూడా స్పష్టంగా మాట్లాడుకోవాలి. ఆంధ్రలో 2025లో నీట్‌కూ సప్లిమెంటరీకీ మధ్య వారం రోజుల ఎడం మాత్రమే ఉంది. ఫలితాల రోజు నుంచే సప్లిమెంటరీ పేపరు పట్టుకుని నీట్‌ను వదిలేసేవారు కొందరు, నీట్ అయ్యేదాకా సప్లిమెంటరీ పుస్తకం తెరవనివారు కొందరు. నా అభిప్రాయంలో ఈ రెండూ నష్టమే. తప్పిన సబ్జెక్టు ఫిజిక్సో కెమిస్ట్రీయో అయితే, పొద్దున ఒక గంట దీర్ఘ సమాధానాలు చేత్తో రాయడం నీట్ చదువుకూ పనికివస్తుంది. సూత్రాన్ని ఒకసారి పూర్తిగా రాబట్టి రాసినవారు దాని మీద వచ్చే బిట్టులో అంత తేలిగ్గా పొరబడరు. తప్పింది భాషా పేపరైతే నీట్ అయ్యాక మొదలుపెట్టినా చాలు. వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని సప్లిమెంటరీ ఫీజు కట్టడం. ఫలితాలు వచ్చిన వారం పది రోజుల్లో ఆ గడువు ముగుస్తుంది. ఇంట్లో గొడవలు, నిందలు సద్దుమణిగేసరికి గడువు దాటిపోయిన కుటుంబాలు ఉన్నాయి.

మెమోలో ఉన్న మార్కే తప్పై ఉండే అవకాశాన్నీ కొట్టిపారేయకూడదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో జరిగిన పొరపాట్లు ఇంకా మరిచిపోలేని గాయం. తెలుగులో సున్నా పడిన ఒక విద్యార్థినికి తిరిగి చూస్తే 99 మార్కులు తేలాయి. తప్పినవారందరి జవాబు పత్రాలనూ ఉచితంగా మళ్లీ పరిశీలించాల్సి వచ్చింది, వెయ్యి మందికి పైగా పాసయ్యారు. కానీ ఆ దిద్దుబాటు జరిగేలోపే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. రీకౌంటింగ్‌కూ, రీవెరిఫికేషన్‌కూ దరఖాస్తు చేయడం హక్కు. దానితో పాటు సప్లిమెంటరీ ఫీజూ కట్టాలి, ఎందుకంటే రీవెరిఫికేషన్ ఫలితం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే రెండో అవకాశం చేజారిపోతుంది. ఆ రోజుల్లో పిల్లల్ని ఒంటరిగా వదలకూడదు. మాటలు తేడాగా అనిపిస్తే 14416కు ఫోన్ చేయాలి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సేవ, తెలుగులోనూ మాట్లాడతారు.

బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు వైద్యుల కుటుంబాలకు ఈ సమస్య మరో రూపంలో తెలుసు. అక్కడ పాఠశాల చివర రాసే ఏ-లెవెల్స్‌ను మళ్లీ రాస్తూ వైద్య విద్యకు దరఖాస్తు చేయాలంటే, అక్టోబరు 15 గడువులోపు నాలుగంటే నాలుగు వైద్య కళాశాలలను ఎంచుకోవాలి. వాటిలో కొన్ని రెండోసారి రాసినవారిని ప్రత్యేక కారణం లేకపోతే తీసుకోవు, కొన్ని మరింత ఎక్కువ గ్రేడు అడుగుతాయి. మన దగ్గర అలాంటి వివక్ష నిబంధనల్లో లేదు. సప్లిమెంటరీలో పాసైనవారికీ, మార్చిలోనే పాసైనవారికీ నీట్ ర్యాంకు ఒక్కటే కొలత. ఎన్నిసార్లు రాశావని అడగరు, గరిష్ఠ వయసు పరిమితిని కూడా 2022లో తొలగించారు. నిబంధనలు ఇంత ఉదారంగా ఉన్న చోట పిల్లలు వెనక్కి తగ్గుతున్నారంటే, ఆ లోపం వారి చుట్టూ ఉన్న పెద్దలదే.

అందులో పెద్ద వాటా కళాశాలలది. ఫలితాలు రాగానే తప్పినవారిని హాస్టల్ ఖాళీ చేసి ఇంటికి వెళ్లమనే ప్రైవేటు కళాశాలలు ఉన్నాయి. రెండేళ్ల ఫీజు ముక్కుపిండి వసూలు చేసి, చివరి పదిహేను రోజుల నీట్ రివిజన్ దగ్గర చెయ్యి వదిలేయడం అన్యాయమని గట్టిగా చెప్పాలి. ఆ పదిహేను రోజుల తరగతులకు కూడా ఆ కుటుంబం డబ్బు కట్టే ఉంది. ఇంటికి వచ్చిన విద్యార్థికి పక్కనున్న ప్రభుత్వ జూనియర్ కళాశాలలో సప్లిమెంటరీ తరగతులు జరుగుతుంటే వాటిలో కూర్చోనివ్వాలి, ఏ కళాశాల విద్యార్థి అన్నది చూడకూడదు.

ఇంటర్ బోర్డులు చేయగలిగిన పనికి ఖర్చు లేదు. వెబ్‌సైటులో హాల్ టికెట్ నంబరు కొట్టగానే కనిపించే మార్కుల పేజీ ఒకటుంది. తప్పినవారి పేజీలో ఫెయిల్ అని చూపే అక్షరాల కిందనే నాలుగు వాక్యాలు తెలుగులో పెడితే చాలు: మీ నీట్ దరఖాస్తు చెల్లుతుంది కాబట్టి నీట్ రాయండి, సప్లిమెంటరీ ఫీజుకు చివరి తేదీ ఇది, రీవెరిఫికేషన్ కావాలంటే ఈ తేదీలోపు దరఖాస్తు చేయండి, సప్లిమెంటరీ ఫలితాలు కౌన్సెలింగ్‌కు ముందే వస్తాయి. ఈ చివరి వాక్యం ప్రతి ఏడాదీ నిజం కావాలంటే, సప్లిమెంటరీ ఫలితాల తేదీని ఆరోగ్య విశ్వవిద్యాలయాలతో ముందుగానే మాట్లాడి, మార్చి టైంటేబుల్‌తో పాటే ప్రకటించాలి. ఆ పేజీని తండ్రి ఫోనులో చూసే వేళకు ఆ నాలుగు వాక్యాలు అక్కడ ఉండేలా వచ్చే ఫలితాల నుంచే మొదలుపెట్టవచ్చు.