వెయ్యి గోల్స్ లెక్క ఎక్కడ తప్పుతోంది?

హాకీ దిగ్గజం ధ్యాన్‌చంద్ పుట్టినరోజు ఆగస్టు 29 వచ్చిందంటే చాలు, ఈ మెసేజ్ ఊరంతా తిరిగి మన ఫోన్లోకి వచ్చి కూర్చుంటుంది: "ధ్యాన్‌చంద్ వెయ్యికి పైగా గోల్స్ కొట్టాడు. ఇప్పటివాళ్ళకి అందులో మూడో వంతు కొట్టడమే గగనం. అవీ పెనాల్టీ కార్నర్ గోల్సే, నిలబడి కొట్టేవి. పైగా ఆడేది నున్నటి టర్ఫ్ మీద." ధ్యాన్‌చంద్ అంటే నాకూ భక్తే. అందుకే ఈ మెసేజ్ చూస్తే ఒళ్ళు మండుతుంది.

ముందు ఆ వెయ్యి సంగతి. అందులో దేశాల మధ్య మ్యాచ్‌లే కాదు, విదేశీ పర్యటనల్లో స్థానిక జట్లతో ఆడినవీ, ఇక్కడి క్లబ్బు మ్యాచ్‌లూ కలిసిపోయాయి. 1926లో న్యూజిలాండ్ వెళ్ళిన భారత సైనిక జట్టు 21 మ్యాచ్‌లు ఆడి 18 గెలిచింది. ధ్యాన్‌చంద్ పేరు మారుమోగిందే అక్కడ. కానీ ఆ మ్యాచ్‌లు చాలా వరకు ఆ ఊరి, ఆ జిల్లా జట్లతోనే. పాకిస్తాన్ ఆటగాడు సొహైల్ అబ్బాస్ 348 గోల్స్ మాత్రం దేశం తరఫున, ఇంకో దేశం మీద కొట్టినవి. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టడమంటే గల్లీ క్రికెట్ పరుగుల్ని టెస్టు పరుగుల్లో కలపడమే. అసలు ఆ రోజుల్లో లెక్క రాసినవాళ్ళే ఒక మాట మీద లేరు. 1936 బెర్లిన్ ఫైనల్లో ధ్యాన్‌చంద్ కొట్టినవి మూడని కొందరు, ఆరని కొందరు రాశారు. ఒలింపిక్ ఫైనల్ లెక్కే ఇలా ఉంటే, ఏ ఊళ్ళోనో ఆడిన పర్యటన మ్యాచ్ లెక్క ఎవరు సరిచూస్తారు?

సరే, ఒలింపిక్స్ గోల్సే పోలుద్దాం అంటారా? అప్పుడు 1932 లాస్ ఏంజెలెస్ అడ్డొస్తుంది. హాకీకి వచ్చిన జట్లు మూడే: మనం, జపాన్, అమెరికా. మనం జపాన్‌ని 11-1తో, అమెరికాని 24-1తో ఓడించాం. ఆడిన రెండూ ఓడిన అమెరికాకి కాంస్యం! (అమెరికా ఆ ఒక్క గోల్ కొట్టినప్పుడు మన గోల్‌కీపర్ రిచర్డ్ అలెన్ ఆటోగ్రాఫ్‌లు ఇస్తున్నాడని ఓ కథ. నిజమో కాదో గానీ, ఆ మ్యాచ్‌కి అతికినట్టు సరిపోతుంది.) అక్కడ ధ్యాన్‌చంద్ 12 కొడితే తమ్ముడు రూప్‌సింగ్ 13 కొట్టాడు. ఉత్త అంకెలే కొలత అయితే ఆ ఏడాది తమ్ముడే గొప్పవాడనాలి.

కాలాలు వేరైనప్పుడు నాకు కాస్త న్యాయంగా తోచే లెక్క ఒకటుంది: జట్టు గోల్స్‌లో ఒక్కడి వాటా ఎంత? 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో మనవి 29, ధ్యాన్‌చంద్‌వి 14. దాదాపు సగం. 1952 హెల్సింకీలో 13కి 9 బల్బీర్ సింగ్ సీనియర్‌వి. నెదర్లాండ్స్‌తో ఫైనల్లో ఆయన ఒక్కడే కొట్టిన 5 గోల్స్ ఇప్పటికీ ఒలింపిక్ ఫైనల్ రికార్డు (ధ్యాన్‌చంద్ బెర్లిన్ 'ఆరు' లెక్కని పక్కన పెడితే). 2024 పారిస్‌లో 8 మ్యాచ్‌లకి మనవి 15, అందులో 10 హర్మన్‌ప్రీత్ సింగ్‌వి. అంటే ధ్యాన్‌చంద్ వాటాయే తక్కువ. దాన్నిబట్టి ఆయన తక్కువవాడని కాదు, పక్కన కొట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు, బంతి వాళ్ళకీ అందించాడు అని. ఈ లెక్కా పూర్తిగా నిలబడదు గానీ, వెయ్యి కన్నా నయం.

ఇక "నిలబడి కొట్టే" పెనాల్టీ కార్నర్, అంటే గోల్ దగ్గర డిఫెండర్లు తప్పు చేస్తే ఎదుటి జట్టుకి దొరికే అవకాశం. ఈ మాట రాసినవాళ్ళు ఒక్కసారైనా డ్రాగ్ ఫ్లిక్‌ని గోల్ వెనక నిలబడి చూడాలి. బ్యాక్‌లైన్ (గోల్ ఉన్న చివరి గీత) నుంచి బంతి నెట్టేవాడొకడు, 'డి' (గోల్ ముందున్న అర్ధచంద్రం లాంటి గీత) బయట ఆపేవాడొకడు, ఫ్లిక్ చేసేవాడొకడు. ముగ్గురిలో ఏ ఒక్కడు తడబడినా కార్నర్ వృథా. బంతి కదిలిన క్షణమే గోల్‌కీపర్ కాక నలుగురు డిఫెండర్లు మీదికి దూసుకొస్తారు. పైగా ఓ నియమం: స్టిక్‌తో బాదే మొదటి షాట్ గోల్ గీత దాటేసరికి గోల్ అడుగునుండే 18 అంగుళాల బోర్డు ఎత్తు మించకూడదు. ఫ్లిక్‌కి ఆ హద్దు లేదు. అందుకే బంతిని స్టిక్‌తో లాగి విసిరే ఈ విద్యకి అంత గిరాకీ. హర్మన్‌ప్రీత్ పారిస్ గోల్స్ పదీ పెనాల్టీ కార్నర్లు, పెనాల్టీ స్ట్రోక్‌లే (గోల్‌కీపర్ ఒక్కడే ఎదురుగా ఉండగా కొట్టేవి), నిజమే. అవి లేకపోతే పారిస్‌లో మనకొచ్చిన కాంస్యం ఎక్కడిది? అసలు ఆ కార్నర్లు ఊరికే రావు. 'డి'లోకి చొచ్చుకుపోయి, కాళ్ళ మీద దెబ్బలు తిని వాటిని సంపాదించేది ఫార్వర్డ్‌లు. మూడు ఒలింపిక్స్ ఆడిన మన హైదరాబాదీ ముకేశ్ కుమార్‌ది ఆ కోవే.

టర్ఫ్ (కృత్రిమ గడ్డి) సంగతి ఒక్క ముక్కలో: 1976 మాంట్రియల్ నుంచి ఒలింపిక్ హాకీ దాని మీదే. బంతి వేగం పెరిగింది, దాంతో డిఫెండరు వేగమూ పెరిగింది. 1990ల చివర్లో ఆఫ్‌సైడ్ (డిఫెండర్లని దాటి ముందే గోల్ దగ్గర కాచుకోకూడదనే నియమం) తీసేసి ఫార్వర్డ్‌కి మేలు చేశారు, తర్వాత ఆటని 70 నిమిషాల నుంచి 60కి కుదించారు. ఏది ఎవరికి లాభమో తూకం వేసే త్రాసు ఎవరి దగ్గరా లేదు.

ఇదంతా చదివి "అయితే ధ్యాన్‌చంద్ ఆడింది పసికూనల మీదేగా" అనేవాళ్ళూ తయారవుతారు. వాళ్ళకో సంగతి. 1936 జులైలో, ఒలింపిక్స్‌కి ముందు ప్రాక్టీస్ మ్యాచ్‌లో జర్మనీ మనల్ని 4-1తో ఓడించింది. నెల తిరక్కుండా ఆగస్టు 15న అదే జర్మనీతో ఫైనల్. ఆ రోజు మనం 8-1తో గెలిచాం, కెప్టెన్ ధ్యాన్‌చంద్.