నా వీపెక్కిన సంచి గారికి

మహారాజశ్రీ వీపుసంచి గారి సముఖానికి, తమ వాహనం నమస్కరించి రాసుకునే విన్నపం.

ఇది నాలుగో రాత్రి. గుడారంలో సగం తమరే ఆక్రమించారు కనుక కాళ్లు ముడుచుకుని, నుదుటి దీపం వెలుగులో రాస్తున్నాను. నెల రోజులు కొండదారిలో నడవాలని రెండేళ్లుగా కలలు కన్నవాణ్ని. తీరా వచ్చాక తెలిసింది, యాత్ర తమరిదని. నేను ఉత్త వాహనాన్ని.

ఇంట్లో తమరు ఇలా ఉండేవారు కాదు. అద్దం ముందు తగిలించుకుంటే దూదిపింజలా ఉన్నారు. అప్పుడు తమ కడుపులో ఉన్నవి రెండు దిండ్లేనన్న సంగతి నాకు తట్టలేదు. బయలుదేరే ముందు రాత్రి తూస్తే 19 కిలోలు తేలారు. ఒంటి బరువులో ఐదో వంతుకు మించి మోయవద్దని నడక తెలిసినవాళ్లు చెబుతారు. నా 68 కిలోలకు అది పదమూడున్నర. మిగతా ఐదున్నర ఏమిటని జిప్పు తీసి చూస్తే మూడో ప్యాంటు, రెండో టార్చి, అట్ట ఊడని లావుపాటి నవల! ‘ఎందుకైనా మంచిది’ అనే మాటకు అంత బరువుంటుందని నాకేం తెలుసు? దారి పొడవునా గంటకో వాగు తగులుతుంటే, నీళ్లు వడకట్టే పరికరం జేబులోనే ఉండగా, నాలుగు లీటర్లు నింపుకుని వచ్చాను. అంటే నాలుగు కిలోల నీళ్లను వాగులు చూపించడానికి తీసుకెళ్లానన్నమాట.

1892లో స్కాట్లాండుకు చెందిన నైస్మిత్ అనే పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు. గంటకు ఐదు కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకు అదనంగా మరో గంట. మొదటి రోజు 12 కిలోమీటర్లు, 900 మీటర్ల ఎక్కుడు. నాలుగు గంటల్లోపే చేరతానని కాగితం మీద రాసుకున్నాను. తొమ్మిది పట్టింది. ఆయన్ని అని లాభం లేదు. పాపం, ఆయన తమరిని మోయలేదు.

దిగుడు సుఖమనుకున్నాను. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే ఒంటి బరువునూ తమ బరువునూ కలిపి ఆపాలట. ఆ నొప్పి అప్పటికప్పుడు రాదు. మర్నాడు తీరిగ్గా వస్తుంది, ఆ పై రోజుకు ముదురుతుంది. ఎడమ మడమ మీది బొబ్బ సంగతి వేరే అర్జీలో రాస్తాను.

మూడో రోజు మధ్యాహ్నం ఒక బండ మీద కూలబడి ఉంటే, వెనక నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఆగి నన్ను ఎగాదిగా చూశారు. “బాబూ, నడుము పట్టీ అలా వేలాడుతోందేమిటి?” అన్నారు. అది అలంకారమనుకున్నాను. ఆవిడ నన్ను నిలబెట్టి పట్టీలన్నీ వదులు చేశారు. నడుము పట్టీని తుంటి ఎముకల పై అంచు మీదికి తెచ్చి టక్కున బిగించారు. ఆ తర్వాతే భుజాల పట్టీలను కాస్త లాగారు. మూడు రోజులుగా భుజాలు కోస్తున్న బరువు ఒక్కసారిగా కిందికి జారి తుంటి మీద కూర్చుంది. మెడ తిప్పగలిగాను. అప్పటిదాకా కొండ ఎడమవైపు లోయ ఉందనే తెలియదు! ఆవిడ సంచి నా దిండంత కూడా లేదు. చకచకా వెళ్లిపోయారు.

తమ వంశంలోనూ మంచివారున్నారు. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ల అమెరికా మహిళ, ఇంట్లో కుట్టుకున్న గుడ్డసంచి ఒకటి భుజాన వేసుకుని, గుడ్డ బూట్లతో అపలాచియన్ కాలిబాట మొత్తం ఒంటరిగా నడిచింది. మూడు వేల కిలోమీటర్ల పైమాటే. ఆ సంచికి చట్రం లేదు, పద్దెనిమిది జేబులూ లేవు. తమకు ఉన్నాయి. వాటిలో పదిహేడు వెతికాకే నా చెంచా దొరుకుతుంది.

ఈ సాయంత్రం వాన పట్టుకుంది. తమరికి ప్రత్యేకంగా వాన తొడుగు ఉంది, తొడిగాను. నా వాన కోటు ఎక్కడుందంటారా? తమ అడుగున, స్లీపింగ్ బ్యాగ్ కింద. ఊరేగింపులో గొడుగు దేవుడికే కదా, మోసేవాడికి పడతారా?

రేపు దారిలో ఒక పల్లె తగులుతుంది. అక్కడ పార్సిల్ పంపే వీలుందట. నవల, మూడో ప్యాంటు, రెండో టార్చి ఇంటికి వెళ్తాయి. తమరు అలగవద్దు.

ఇట్లు,
తమ వాహనం

తాజా కలం: తమ ఛాతీ పట్టీ బకిల్‌కు ఒక ఈల ఉందని ఇవాళే చూశాను. ఆపదలో చిక్కుకుంటే నిమిషానికి ఆరుసార్లు ఊదాలట. మొదటి రోజే ఊదేవాణ్ని. ఊపిరి ఏదీ?