రివర్‌వాక్ ఫోటో, మా పెద్దమ్మ, నా లోను

మార్చి 17 మధ్యాహ్నం వాట్సాప్ స్టేటస్‌లో ఒక ఫోటో పెట్టాను. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియో ఊళ్లో రివర్‌వాక్ అనే నది ఒడ్డు బాట, వెనకాల నది, నా మొహం మీద రూమ్మేట్ దగ్గర అడిగి తీసుకున్న నల్లకళ్లజోడు. అంతే. తెల్లారేసరికి పెద్దమ్మ ఖమ్మంలో మా ఇంటికి ఫోన్ చేసింది. "ఇల్లు తాకట్టు పెట్టి చదువుకి పంపిస్తే, పిల్ల అక్కడ కార్లేసుకుని షికార్లు కొడుతోందేంటి?" అందట. అమ్మ ఏం చెప్పిందో తెలీదు. తమ్ముడు మాత్రం నాకు మెసేజ్ పెట్టాడు: "అక్కా, పెద్దమ్మకి స్టేటస్ హైడ్ చేసెయ్, గోల ఉండదు."

నేను హైడ్ చెయ్యను. ఎందుకు చెయ్యనో చెప్పడానికే ఈ పోస్టు. కొంచెం పొడుగు, ఓపిక ఉంటేనే చదవండి.

నేను ఆ ఊరు వెళ్లింది స్ప్రింగ్ బ్రేక్‌లో. స్ప్రింగ్ బ్రేక్ అంటే మా బంధువుల్లో సగంమంది ఎండాకాలం సెలవులనుకుంటున్నారు. కాదు. జనవరిలో మొదలై మే నెలలో ముగిసే సెమిస్టర్ మధ్యలో వచ్చే ఒక్క వారం. ఆ వారం ముందు ఒక మిడ్‌టర్మ్, తిరిగి వచ్చిన సోమవారం ఇంకో ప్రాజెక్ట్ సబ్మిషన్. అంటే సెలవే, కానీ తల మీద ఒక బరువు అలాగే ఉంటుంది.

ఇంకో విషయం. ఎఫ్-1 వీసా, అంటే స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లం క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి పని చెయ్యకూడదు. సెలవుల్లో అయితే ఫుల్‌టైమ్ చేసుకోవచ్చు. వినడానికి భలే ఉంది కదా? నేను పని చేసేది డైనింగ్ హాల్లో. పిల్లలందరూ ఊళ్లకి పోయాక అక్కడ తినేవాడెవడు? మూసేశారు. ఎక్కువ గంటలు చేసుకోమ్మా అని రూలు చెప్పిన వారమే నాకు ఒక్క గంట కూడా పని లేదు. గంటకి 11 డాలర్ల లెక్కన 220 డాలర్లు పోయాయి. రూములో దుప్పటి కప్పుకుని పడుకున్నా ఆ డబ్బు రాదు, శాన్ ఆంటోనియో పోయినా రాదు. పెద్దమ్మ లెక్కలో ఈ ముక్క లేదు.

నా క్లాసులో ఉన్న అమెరికన్ పిల్లలు మెక్సికోలో కాంకున్ బీచ్ అన్నారు, ఫ్లోరిడా అన్నారు. టెక్సాస్ దక్షిణం కొసన సౌత్ పాడ్రే ఐలాండ్ అని ఒక బీచ్ ఉంది, స్ప్రింగ్ బ్రేక్‌కి కుర్రకారంతా అక్కడే. మేమూ అనుకున్నాం. ఒక సీనియర్ అక్క ఆపింది. అక్కడినుంచి తిరిగొచ్చేటప్పుడు సరిటా దగ్గర హైవే మీద బోర్డర్ పెట్రోల్ (సరిహద్దు పోలీసుల) చెక్‌పోస్టు ఉంటుంది, ప్రతి కారూ ఆగాల్సిందే. పాస్‌పోర్టు, ఐ-20 (స్టూడెంట్ అని యూనివర్సిటీ ఇచ్చే కాగితం) అన్నీ ఒరిజినల్స్ పెట్టుకుని వెళ్లండి అంది. మా దగ్గర అన్నీ సక్రమంగానే ఉన్నాయి. అయినా సముద్రం చూడ్డానికి వెళ్తూ ఫైలు పట్టుకుపోవడమేంటని మనసు చచ్చింది. ఇసుకలో కూర్చున్నా కళ్లు బ్యాగు మీదే ఉంటాయి. వద్దనుకున్నాం.

మొదటి రెండు రోజులు ఏం చేశామో చెప్పనా? నిద్రపోయాం. లేచి మూడు వారాల బట్టలు ఉతికాం. ఫ్రిజ్‌లో ఎప్పటిదో తెలియని సాంబారు డబ్బా ఎవరిదని ఒక గంట గొడవ పడ్డాం (నాదే, ఒప్పుకోలేదు). ఈ ఫోటోలేవీ స్టేటస్‌లో లేవు మరి.

సోమవారం బయల్దేరాం. నలుగురం అమ్మాయిలం, అద్దె కారు. నడిపేవాళ్లకి పాతికేళ్లు నిండకపోతే రోజుకి ఇంత అని అదనంగా గుంజుతారు, మాలో ఎవరికీ నిండలేదు. డాలస్ నుంచి శాన్ ఆంటోనియో దాదాపు 440 కిలోమీటర్లు. ముందురోజు రాత్రి పులిహోర కలిపి పెట్టుకున్నాం, పెరుగన్నం డబ్బా వేరే. దారిలో టెంపుల్ అనే ఊరొస్తుంది. పేరే అది. అక్కడ బకీస్ అని ఒక పెట్రోల్ బంకు. బంకు అంటే బంకు కాదు, మనూళ్లో పెద్ద షాపింగ్ మాల్ అంత ఉంటుంది. దాని బాత్రూముల శుభ్రత గురించి ఈ రాష్ట్రం వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు, చూశాక నేనూ చెప్తున్నా. "టెంపుల్ దగ్గర ఆగాం" అని అమ్మకి మెసేజ్ పెడితే "మంచి పని చేశారు, అర్చన చేయించారా?" అని అడిగింది. నిజం చెప్పడానికి మనసు రాలేదు.

శాన్ ఆంటోనియోలో అలామో అనే పాత చర్చి కోట చూశాం. 1836లో 13 రోజుల ముట్టడి జరిగిన చోటు, టెక్సాస్ వాళ్లకి ప్రాణం. లోపలికి టికెట్ లేదు, ముందుగా టైమ్ బుక్ చేసుకుంటే చాలు. చరిత్ర గొప్పదే. కానీ చిన్నప్పటినుంచీ ఖమ్మం ఖిల్లా మెట్లెక్కిన దాన్ని, ఆ చర్చి ముందు నిలబడగానే "ఇంతేనా?" అని నోరు జారింది. పక్కనున్న పెద్దాయనకి తెలుగు రాకపోవడం నా అదృష్టం. రివర్‌వాక్ మాత్రం నిజంగా బాగుంది. రోడ్డు మీంచి మెట్లు దిగితే కింద నది, ఒడ్డున చెట్లు, హోటళ్లు. పడవ ఎక్కలేదు, డబ్బులు. నడిచాం. ఆ నడకలో తీసిన ఫోటోనే పెద్దమ్మ చూసింది.

తిరిగొస్తూ సాయంత్రం ఆస్టిన్‌లో ఆగాం. అక్కడ కాంగ్రెస్ అవెన్యూ వంతెన కింద గబ్బిలాలు ఉంటాయి. 1980లో వంతెన బాగుచేసినప్పుడు కింద సన్నటి సందులు ఏర్పడ్డాయట, అవి వచ్చి కాపురం పెట్టాయి. ఎండాకాలానికి 15 లక్షలు అవుతాయంటారు. మార్చిలో అప్పుడప్పుడే మెక్సికో వైపు నుంచి చేరుకుంటుంటాయి. మాకు తెలియనిదల్లా, అదే వారం ఆస్టిన్‌లో సౌత్ బై సౌత్‌వెస్ట్ అనే పాటల, సినిమాల జాతర అని. పార్కింగ్ 40 డాలర్లు అన్నాడు! ఎక్కడో దూరంగా ఆపి అరగంట నడిచాం. వంతెన మీద జనంతో పాటు ముప్పావుగంట నిలబడ్డాం. చీకటి పడుతుండగా కింది నుంచి సన్నగా పొగలాగా లేచాయి. లక్షలు కాదు, కొన్ని వందలుంటాయేమో. ఎవరూ మాట్లాడలేదు. సెమిస్టర్ మొదలైనప్పటినుంచీ నేను ఫోన్ చూడకుండా, డెడ్‌లైన్ గుర్తురాకుండా అంతసేపు ఉన్నది అదే మొదటిసారి.

ఖర్చులు పంచే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో లెక్క తేలాక ఒక్కొక్కరికి 96 డాలర్లు. డాలరుకి తొంభై వేసుకున్నా ఎనిమిదిన్నర వేలు. జనవరి నుంచీ బయట కాఫీ తాగకుండా పక్కన పెట్టుకున్న డబ్బు. లోను వడ్డీ నాన్న నెలనెలా కడుతున్నాడు, అది మర్చిపోయే దాన్ని కాదు. కానీ లోను తీసుకున్నది చదువుకోవడానికి. తీరేదాకా గది దాటకూడదని బ్యాంకు వాళ్లు కూడా రాయించుకోలేదు.

ఇంట్లోవాళ్లు ఒక రకం. ఇక్కడి సీనియర్లు ఇంకో రకం. "స్ప్రింగ్ బ్రేక్ సెలవు కాదు, అవకాశం. ఈ వారంలో 200 కోడింగ్ ప్రాబ్లమ్స్ చెయ్యండి" అని పోస్టులు. అన్నయ్యా, నువ్వు నీ మొదటి స్ప్రింగ్ బ్రేక్‌కి గ్రాండ్ కాన్యన్ పోయిన ఫోటోలు కిందికి స్క్రోల్ చేస్తే ఇంకా కనిపిస్తున్నాయి.

అయితే పెద్దమ్మ మీద నాకు కోపం పూర్తిగా నిలవట్లేదు. ఆవిడకి నా గురించి తెలిసేది ఆ స్టేటస్ ఒక్కటే. నెలకోసారి పెట్టే నాలుగు ఫోటోలూ నవ్వు మొహాలే. ఫోన్లో కూడా అంతే. ఏటా ఎండాకాలం ముందు చేసినట్టే మార్చి 8న ఇక్కడ గడియారాలు ఒక గంట ముందుకి జరిపారు. అప్పటిదాకా రాత్రి 10కి ఫోన్ చేస్తే అక్కడ ఉదయం తొమ్మిదిన్నర, ఇప్పుడు ఎనిమిదిన్నర. అమ్మ స్కూలుకి పరిగెత్తే టైమ్. "తిన్నావా?" "తిన్నా." "బాగున్నావా?" "బాగున్నా." ఆటో వచ్చేస్తుంది. జ్వరంతో షిఫ్టుకి వెళ్లిన రోజు కూడా "బాగున్నా" అనే చెప్పాను. దాచింది నేనే కదా.

అందుకే ఇప్పుడు ఇది కూడా దాచదల్చుకోలేదు. కష్టాలు దాచి, సరదాలూ దాస్తే ఇంక నేను అక్కడివాళ్లకి ఏం మిగులుతాను, ఒక ఈఎంఐ తప్ప?

19న ఉగాది, అదీ బ్రేక్‌లోనే పడింది. మామిడికాయ ఇండియన్ స్టోర్‌లో దొరికింది, వేపపువ్వు రూమ్మేట్ వాళ్లమ్మ ఆవకాయతో పాటు ఎండబెట్టి పంపిన పొట్లంలోది. పచ్చడి కాస్త ఉప్పు ఎక్కువైంది. ఆ ఫోటో పెడితే పెద్దమ్మ రెండు దండాలు, ఒక గులాబీ పంపింది. ఇదే పిల్ల, ఇదే రూము, రెండు రోజుల తేడా.

నాన్న ఈ గొడవంతా నా దగ్గర ఎత్తలేదు. నిన్న ఫోన్లో "ఆ గబ్బిలాల వీడియో ఏదో తీశావట, పంపు తల్లీ" అన్నాడు. పంపాను. దాన్ని తీసుకెళ్లి పెద్దమ్మకి ఫార్వర్డ్ చేశాడట. ఆవిడ చూసి, "ఛీ, గబ్బిలాల కోసమా అంత దూరం పోయింది? మన ఖిల్లాలో లేవా?" అందట.