తొందర గలవారు రావద్దు: సార్క్ దీవి యాత్రికులకు సవినయ సూచనలు

సార్క్ అనగానే ఎనిమిది దేశాల కూటమిని తలచుకునే పాఠకులు ముందుగా ఆ భ్రమ వదులుకోవాలి. ఆ కూటమి శిఖరాగ్ర సమావేశం జరిగి 2014 నుంచి ఏళ్లు గడుస్తున్నాయి కాని, ఇంగ్లిష్ చానెల్‌లో ఐదారు వందల జనాభాతో, సుమారు 5.5 చదరపు కిలోమీటర్ల వైశాల్యంతో ఉన్న ఈ సార్క్ దీవి చట్టసభ మాత్రం ఏటా కూడుతూనే ఉంది. విమానాశ్రయం లేదు కనుక పక్కనున్న పెద్ద దీవి గర్న్‌సీ నుంచి పడవలో గంటలోపు ప్రయాణించి చేరాలి. అక్కడి మర్యాదలన్నీ తొందరపాటు అనే ఒకే ఒక్క దుర్గుణాన్ని అణచడానికే పుట్టాయని నా దృఢాభిప్రాయం.

ఈ దీవిలో కార్లు నిషిద్ధం. రేవు నుంచి కొండ మీది ఊరికి ట్రాక్టరు లాగే బండిలోనో, కాలినడకనో వెళ్లాలి. ఆపైన సైకిలు, గుర్రపు బగ్గీ ఉన్నాయి. హారను మీద చెయ్యి ఆనించి బతకడం అలవాటైన పెద్దమనుషులకు మొదటి రోజంతా ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తోచదు. అంబులెన్సును సైతం ట్రాక్టరే లాగుతుంది కాబట్టి, అక్కడ జబ్బుపడదలచినవారు తీరిక చూసుకుని, కాస్త ముందుగానే జబ్బుపడడం మర్యాద.

వీధిదీపాలు లేవని జాలిపడి విరాళాలు ప్రకటించకండి. లేని దీపాలకే ఈ దీవి 2011లో ప్రపంచంలో మొట్టమొదటి ‘చీకటి ఆకాశపు దీవి’గా గుర్తింపు పొందింది. టార్చి తెచ్చుకోండి, చాలు.

దీవి రెండు భాగాలను కలిపే లా కూపే అనే సన్నని దారి వెడల్పు మూడు మీటర్లు. ఇరువైపులా సుమారు 80 మీటర్ల అగాధం. 1900లో కటకటాలు పెట్టేదాకా, గాలి బలంగా వీచిన రోజున పిల్లలు దాన్ని పాకుతూ దాటి బడికి వెళ్లేవారట. 1945లో జర్మన్ యుద్ధఖైదీల చేత కాంక్రీటు దారి వేయించారు. సైకిలు దిగి నడిపించుకుంటూ వెళ్లాలన్నది నియమం; ఒంటిచేత్తో సెల్ఫీ తీసుకుంటూ తొక్కుకుపోయే వీరులు ఈ నియమాన్ని తమ ప్రతిభకు అవమానంగా భావించరాదు.

ఇక న్యాయం సంగతి. తన ఆస్తికి ఎవరైనా అన్యాయంగా అడ్డం వస్తున్నారనుకున్న మనిషి, సాక్షుల ఎదుట టోపీ తీసి మోకరిల్లి, ‘హారో’ అని ముమ్మారు అరిచి, తన రాజును సాయానికి పిలిచి, ఫ్రెంచి భాషలో ప్రభువు ప్రార్థన చదివితే, న్యాయస్థానం తేల్చేవరకు ఎదుటివారు ఆ పని ఆపాల్సిందే. క్లామర్ ద హారో అనే ఈ నార్మన్ ఆచారం నేటికీ చెల్లుతుంది. వకీలు లేకుండా, వాయిదాలు లేకుండా మోకాళ్ల మీద దొరికే ఇలాంటి స్టే ఉత్తర్వు గురించి విన్నప్పుడు మన న్యాయవాద మిత్రుల ముఖాలు ఎందుకు వాడిపోతాయో నాకు అర్థం కాలేదు. అయితే ఫిర్యాదు తప్పని తేలితే జరిమానా తప్పదు కనుక, హోటల్ గదిలో వేడినీళ్లు రాలేదని సందర్శకులు మోకరిల్లకపోవడం ఉత్తమం.

ప్రజాస్వామ్యం విషయంలోనూ ఇదే నిదానం. 1565లో ఎలిజబెత్ రాణి ఇచ్చిన జమీందారీ ఏర్పాటు 2008 వరకు సాగింది; పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కను పెంచుకునే హక్కు అప్పటిదాకా సెన్యోర్ అనే ప్రభువు ఒక్కరిదే.

మర్యాద తప్పినవారి కోసం 1856లో కట్టిన రెండు గదుల జైలు ఉంది. 1990లో ఒక నిరుద్యోగ ఫ్రెంచి అణుశాస్త్రవేత్త తుపాకీతో ఒంటరిగా వచ్చి, మర్నాడు మధ్యాహ్నం పన్నెండింటికి దీవిని స్వాధీనం చేసుకుంటున్నట్లు ముందే ప్రకటనలు అంటించాడు. దండయాత్రకు సైతం నోటీసు ఇచ్చిన ఇంతటి సంస్కారి సందర్శకుల్లో అరుదు. కాని పన్నెండు కొట్టకముందే వచ్చి బెంచీ మీద కూర్చుని తూటాల పెట్టె మార్చుకుంటూ ఉండగా, జీతం లేని కానిస్టేబులు వచ్చి ఆయనను పట్టుకున్నాడు. వేళకు ముందే రావడం కూడా అక్కడ తొందరపాటు కిందికే వస్తుంది మరి.