డ్రెస్సులు ఎప్పుడేస్కుంటరు మామా?

2017లో హాలీవుడ్ వాళ్లు మన చిన్నప్పటి టీవీ సీరియల్ పవర్ రేంజర్స్‌ను మళ్లీ సినిమాగా తీసి మనకు చేసిన ఉపకారం చిన్నది కాదు. చిన్నప్పుడు మనం ఎంత తెలివితక్కువగా సంతోషపడ్డామో అప్పటిదాకా తెలియదు. ఐదు రంగుల సూట్లు, రబ్బరు రాక్షసుడు, వాడు ఓడిపోగానే కొండంత పెరగడం, వీళ్ల యంత్రాలన్నీ కలిసి మెగాజోర్డ్ అవడం. 1993లో మొదలైన ఆ సీరియల్లో ఫైట్లు చాలావరకు జపాన్ సీరియల్ నుంచి తెచ్చి అతికించినవే. అయినా ఎర్ర రేంజర్ ఎవరన్న పంచాయితీలో మా గల్లీలో చొక్కాలు చిరిగాయి.

కొత్త సినిమాకు ఆ అజ్ఞానం లేదు. సూట్ల కంటే ముందు రేంజర్లకు తలా ఒక బాధ పంచింది. ఒకడి కాలికి పోలీసుల ట్రాకర్, ఒకడికి తండ్రి లేడు, ఇంకొకడి తల్లి మంచం పట్టింది. రెండు గంటలు దాటిన సినిమాలో సూట్లు తొడిగేసరికి క్లైమాక్సే. ఎనిమిదేళ్ల మా అక్క కొడుకు "మామా, డ్రెస్సులు ఎప్పుడేస్కుంటరు?" అని అడిగి అడిగి నిద్రపోయాడు.

ఇక భూమ్మీది ప్రాణాలన్నిటినీ నిలిపే జియో క్రిస్టల్ ఎక్కడుందంటే, క్రిస్పీ క్రీమ్ డోనట్ల దుకాణం కింద. లోకాన్ని నాశనం చేయడానికొచ్చిన రీటా రెపల్సా అక్కడ తీరిగ్గా కూర్చుని ఓ డోనట్ కూడా తింటుంది.

ఈ లెక్కన మన దగ్గర తీయడానికి అడ్డేముంది? క్రిస్టల్ హన్మకొండ చౌరస్తాలో మిర్చి బండి కింద ఉంటుంది. రీటా కాజీపేటలో రైలు దిగి, కిరీటం ఒళ్లో పెట్టుకుని, షేర్ ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని వస్తుంది. "ఉల్లిగడ్డ జర ఎక్కువెయ్యి అన్నా" అంటుంది. "ఆగమ్మా, వాయ కావాలె" అంటాడాయన. ప్రళయం ఆగుతుంది. అంతసేపూ రేంజర్లు భద్రకాళి చెరువు కట్ట మీద కూర్చుని బాధలు చెప్పుకుంటుంటారు. ఎర్ర రేంజర్‌కు బ్యాక్‌లాగ్‌లు. నీలం రేంజర్ నాన్నకు ఎనుమాముల మార్కెట్లో పత్తికి రేటు రాలేదు. గులాబి రేంజర్‌ను చూసినవాళ్లంతా ఏ పార్టీ అని అడుగుతున్నారు. పసుపు అమ్మాయి వంతు వచ్చేసరికి రీటా పంపిన బంగారు రాక్షసుడు గోల్డార్ వేయి స్తంభాల గుడి దాటేశాడు. "ఆగన్నా, నల్ల రేంజర్ ఇంకా చెప్పలే" అంటారు. మర్యాదస్తుడు, ఆగుతాడు. చివరికి సూట్లు తొడుగుతారు గానీ అప్పటికి కరెంటు పోయి ఏ రంగు ఎవరిదో ఎవరికీ కనపడదు.

సరే, ఇదంతా నవ్వుకోవడానికి. కానీ ఆ సినిమా మొదట్లోనే ఆవనుకుని ఎద్దును పిండిన బూతు జోకు! ఎనిమిదేళ్ల పిల్లలు ప్రాణం పెట్టుకున్న దాన్ని తీసుకుని, పదమూడేళ్లలోపు వాళ్లకు పనికిరాకపోవచ్చని హెచ్చరించే సర్టిఫికెట్‌తో వదిలారు. ఎవరి కోసం? పేరు వినగానే పర్సు తీసే మాలాంటి ముప్పై ఏళ్ల వాళ్ల కోసం. పిల్లల కోసం తీశామని చెప్పుకోవడానికి అంత నామోషీ అయితే ఆ పేరు ఎందుకు ముట్టుకున్నారు? వేరే కథ రాసుకోకపోయారా? ఐదు నుంచి ఏడు భాగాలు తీస్తామన్నారు, రెండోదే రాలేదు. పీడా పోయింది. బొమ్మలు మాత్రం ఆ చిన్నపిల్లలకే అమ్మారు. సినిమా చూడ్డానికి చాలని వయసు, బొమ్మ కొనిపించడానికి చాలిందట. సిగ్గుండాలె.