ఎనిమిది పైసల బాకీ

గ్రంథాలయ వారోత్సవాలు మళ్లీ వచ్చాయి. నవంబరు 14 నుంచి 20 దాకా నెల్లూరులో, ఒంగోలులో ఫ్లెక్సీలు, వ్యాసరచన పోటీలు, శాలువాలు. మైకు పట్టిన ప్రతివారూ ఇది తిక్కన నేల, ఎర్రన నేల అంటారు. వింటుంటే కడుపు మండుతోంది.

మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. వసూలు చేసేది మున్సిపాలిటీలు, పంచాయతీలు. ఆ సొమ్మును లైబ్రరీలు నడిపే జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయకుండా వాడేసుకోవడం రాష్ట్రమంతటా ఏళ్ల తరబడి సాగుతున్న తంతు. నిధుల కొరత అంటారు. ఉండొచ్చు. కానీ ఆ 8 పైసలు వాళ్లవి కావు.

ఫోన్లో అన్నీ దొరుకుతుంటే లైబ్రరీలెందుకని అడిగేవారూ ఉన్నారు. ఏం వెతకాలో తెలిసినవాడికే ఫోన్లో దొరుకుతుంది. మా పత్రికల సంగతే చెబుతాం. 'కీచకుడు', 'శకుని పాచిక', 'సైంధవుడిలా అడ్డు' అని పత్రికలన్నీ హెడ్డింగులు పెడతాయి. నెల్లూరులో ఉన్నవాళ్లుండే మాగుంట లేఔట్‌లో, ఇంట్లో పుస్తకాల బీరువా ఉన్న పిల్లకు అవి చప్పున అర్థమవుతాయి. రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే యానాది గిరిజన కుటుంబంలో బడికెళ్లే తొలి పిల్లాడు అక్షరాలు కూడబలుక్కుని అక్కడే ఆగిపోతాడు. తిక్కన భారతం అందుకున్నదే కీచకుడి కథ ఉన్న విరాటపర్వం నుంచి. ఆ తిక్కన ఊరి పొలిమేరలోనే ఈ పిల్లాడికి ఆ కథ అందదు! ఒకప్పుడు తోలుబొమ్మలాటలు, హరికథలు కొంతైనా ఆ లోటు తీర్చేవి. ఇక చేపల జాడ, మందు మొక్కల గుణం తెలిసిన ఆ ఇంటి చదువును ఏ పరీక్షా అడగదు. రెండు వైపులా నష్టపోయేది వాడే.

చదువు పేదల చేతికందితే ఏమవుతుందో ఈ నెల్లూరు జిల్లాకు ఒకరు చెప్పాలా? 1990ల మొదట్లో దూబగుంటలో రాత్రి బడికి వెళ్లిన ఆడవాళ్లు వాచకంలో సారా మీద పాఠం చదివారు. అది తమ ఇంటి కథే అని గుర్తుపట్టారు. సారా కొట్టు మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుంది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఒక్క పాఠం చేసిన పని అది.

అలాంటి చోట చదువుకునే గదికి చేరాల్సిన పైసలు ఆపేసి, తమ పిల్లల్ని మాత్రం కార్పొరేట్ స్కూళ్లకు పంపుతూ, పేదపిల్లలకు 'పుస్తకం హస్తభూషణం' అని వల్లించడం పచ్చి మోసం. గ్రూప్స్‌కు చదివే నిరుద్యోగికి కొత్త పుస్తకం లేదు, వేదిక మీది పెద్దలకు మాత్రం కొత్త శాలువా!

అయ్యా, ఈసారి తిక్కన పటానికి దండ వేసే ముందు మీ మున్సిపాలిటీ ఎంత సెస్సు వసూలు చేసిందో, అందులో ఎంత జమ చేసిందో ఆ మైకులోనే చదవండి. చదవలేకపోతే వేదిక దిగండి.