యువాన్ తీసేసి పౌండు పెడితే చాలట

చైనాలోని షాంఘై బడుల లెక్కల పుస్తకాలను బ్రిటన్ బడుల కోసం ఇంగ్లిష్‌లోకి తెస్తామని 2017లో ఒప్పందం కుదిరినప్పుడు, ఏం మారుస్తారయ్యా అంటే, యువాన్ గుర్తు తీసేసి పౌండు గుర్తు పెడతామన్నారు. మిగతాదంతా ఉన్నదున్నట్టేనట. పక్కింటి గుత్తివంకాయ బాగుందని వాళ్ల మూకుడు ఎత్తుకొచ్చి, దాని మీద మన ఇంటిపేరు కొట్టించినట్టు!

పాపం, వాళ్ల కంగారూ అర్థం చేసుకోవాలి. 2012లో పీసా అని, దేశదేశాల పదిహేనేళ్ల పిల్లలకు పెట్టే పరీక్షలో, లెక్కల్లో షాంఘైకి 613, బ్రిటన్‌కు 494. (షాంఘై అంటే చైనా మొత్తం కాదు. ఆ ఊళ్లో చెమటోడ్చే వలస కూలీల పిల్లల్లో చాలామంది గావ్‌కావ్ (కాలేజీ ప్రవేశ పరీక్ష) రాయడానికి సొంత ప్రావిన్సుకు పోవాల్సిందే. అది ఎవరికి కావాలి?) 2014లో బ్రిటన్ విద్యాశాఖ సహాయమంత్రి ఎలిజబెత్ ట్రస్ స్వయంగా వెళ్లి చూసొచ్చారు.

ఇలాంటి అధ్యయన బృందం క్లాసు వెనక బల్ల మీద ఇరుక్కుని కూర్చోవడం నాకు కళ్లకు కట్టినట్టుంటుంది. పిల్లలు నిటారుగా కూర్చున్నారు, రాసుకో. అందరూ ఒకే గొంతుతో జవాబు చెప్పారు, రాసుకో. బల్లలు వరసగా ఉన్నాయి, ఫొటో తియ్యి. నలభై నిమిషాలకు గంట కొట్టారు, టీచరమ్మ స్టాఫ్‌రూముకు వెళ్లిపోయింది. బృందం పెన్నులు మూసేసి టీకి లేచింది.

చూడాల్సింది ఆ స్టాఫ్‌రూములోనే ఉంది. ఆవిడ చెప్పేది లెక్కలు ఒక్కటే, అదీ మామూలుగా రోజుకు రెండు క్లాసులు. మిగతా పొద్దంతా నోటుబుక్కులు దిద్దుతుంది, తప్పు చేసిన పిల్లను ఆరోజే పిలిచి కూర్చోబెడుతుంది. భిన్నాలకు ఏ ఉదాహరణ ముందు చెప్పాలో తోటి టీచర్లతో వాదించుకుంటుంది.

ఇంగ్లండ్ ప్రాథమిక బడిలో? పొద్దున లెక్కలు, తర్వాత ఇంగ్లిష్, చరిత్ర, బొమ్మలు, ఆటలు... ముప్ఫైమంది పిల్లలకు దాదాపు అన్నీ చెప్పేది ఒక్క మనిషే. ఆవిడ చేతిలో షాంఘై పుస్తకం పెట్టి, నువ్వూ షాంఘై అయిపో అంటారా? సిగ్గుండక్కర్లేదా? రేపు మార్కులు రాకపోతే పుస్తకాన్ని అనరు, మంత్రిని అనరు. ఆవిడనే అంటారు.

ఈ షాంఘై పద్ధతికి డబ్బు ఇవ్వలేదా అంటే, ఇచ్చారు. 2016లో 8 వేల బడులకు, నాలుగేళ్లకు కలిపి 4.1 కోట్ల పౌండ్లు ప్రకటించారు. బడికి 5,125, ఏడాదికి 1,281 చిల్లర. కొత్త టీచరుకు ఒక్క నెల జీతం కూడా రాదు. ఈ భాగహారం షాంఘైలో ఎన్నో తరగతిలో చెబుతారో, వెళ్లొచ్చినవాళ్లనే అడగాలి.